రంగుల విద్యతో రోగాల గుట్టు తెలిపిన పాల్ ఎర్లిక్

దేహంలో గడ్డ కనిపించినప్పుడు వైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. దానిని మైనంలో పొదిగి పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద ఉంచినా, రంగు పట్టించనిదే కణాల స్వరూపం స్పష్టపడదు. ఈ రంగుల విద్యకు శాస్త్రీయమైన పునాది వేసినవారిలో అగ్రగణ్యులు పాల్ ఎర్లిక్.

ఆయన 1854 మార్చి 14న ప్రష్యా రాజ్యంలోని స్ట్రెహ్లెన్ పట్టణంలో జన్మించారు. సరిహద్దులు మారగా ఆ ఊరు నేడు పోలండ్‌లో ఉన్నది. తల్లి వైపు బంధువైన కార్ల్ వైగర్ట్ అనే వైద్య శాస్త్రజ్ఞుని వలన ఆయనకు రంగులపై ఆసక్తి కలిగింది. వస్త్ర పరిశ్రమకై తయారైన అనిలిన్ రంగులలో ఒక్కొక్కటి కణంలోని ఒక్కొక్క భాగాన్నే ఎందుకు పట్టుకుంటుంది? జీవితమంతా ఆయనను వెంటాడిన ప్రశ్న ఇదే. 1878లో లైప్‌జిగ్‌లో సమర్పించిన సిద్ధాంత వ్యాసం కూడా దీనిపైనే.

అనంతరం బెర్లిన్‌లోని షారిటే వైద్యశాలలో, రంగుల సాయంతో తెల్ల రక్తకణాలను రకాలుగా వేరుపరచారు. 1886లో హిమటాక్సిలిన్ ద్రావణానికి ఒక పాకం రూపొందించారు. ఈ రంగు మధ్య అమెరికాలో పెరిగే ఒక చెట్టు చేవ నుండి లభిస్తుంది. నూలుకు రంగు నిలిచేందుకు అద్దకంవారు పటిక వాడినట్లే, ఇందులోనూ పటిక చేరుతుంది. ద్రావణాన్ని వెలుతురులో సుమారు రెండు నెలలు మాగనివ్వాలి. హిమటాక్సిలిన్ కణకేంద్రాలను నీలంగా చూపగా, ఇయోసిన్ అనే మరో రంగు తక్కిన భాగాన్ని గులాబీ వన్నెలో చూపుతుంది. నేటికీ ప్రయోగశాలలలో నిత్యం వాడే జంట ఇదే.

1882 మార్చి 24న రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని ప్రకటించగా, సభలో ఉన్న ఎర్లిక్ స్వల్పకాలంలోనే దానికి మేలైన రంగు పద్ధతి కనిపెట్టారు. ఆమ్లంతో కడిగినా క్షయ క్రిమి ఆ రంగును విడువదు. తదుపరి ఇతరులు సవరించిన ఆ పద్ధతి కఫ పరీక్షలో నేటికీ వాడుకలో ఉన్నది. విధి విలాసమేమో, 1888లో ఆయనకే క్షయ సోకింది. ఈజిప్టు పొడి వాతావరణంలో విశ్రమించి, స్వస్థుడై తిరిగివచ్చారు.

రంగు ఒక క్రిమినే ఎంచి పట్టుకోగలిగినప్పుడు, ఔషధమూ రోగికి హాని లేకుండా ఆ క్రిమినే ఎంచి చంపగలదు కదా అని ఆయన తలపోశారు. 1891లో మిథిలిన్ బ్లూ రంగునే మలేరియా రోగులకు మందుగా ఇచ్చి చూశారు. 1909లో, జపాను దేశస్థుడైన సహాచిరో హాతా సహకారంతో, సిఫిలిస్ వ్యాధిపై 606వ సమ్మేళనం గుణాన్ని నిరూపించారు. మరుసటి ఏడు అది సాల్వర్సాన్ పేరుతో వెలువడింది. రోగనిరోధక శక్తిపై కృషికి 1908లో మెచ్నికోవ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

1915 ఆగస్టు 20న ఎర్లిక్ కన్నుమూశారు. బట్టకు అద్దే రంగులో మనిషి ప్రాణం నిలిపే మార్గం చూసిన ఆ మేధావి చిరస్మరణీయులు.