లైప్‌జిగ్ క్వాయర్ మాస్టారు: బాఖ్ జీవితం



శ్రమల దినాలు కాబట్టి ఈ వారం మన ఛానల్‌లో మత్తయి 26, 27 అధ్యాయాల మీద ధ్యానం పెట్టాం. చివర్లో నేను ఒక జర్మన్ సంగీతకారుడి పేరు చెప్పాను. ఎవరండీ ఆయన, మాకు జర్మన్ రాదు కదా, ఎలా వినాలి అని కొందరు అడిగారు. వీడియోలో టైం సరిపోలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెప్తున్నా, నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునేవాణ్ని. గుంటూరులో లూథరన్ సంఘంలో పెరిగాను. 1842లో హయ్యర్ అనే మిషనరీ గారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన పరిచర్య అది. హార్మోనియం, తబలా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు, నాకు తెలిసిన ఆరాధన ఇదే. బాఖ్ కూడా లూథరన్ విశ్వాసే అని నాకు పాతికేళ్లు దాటాక గానీ తెలీలేదు.

యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1685లో జర్మనీలోని ఐసెనాఖ్‌లో పుట్టాడు. మార్టిన్ లూథర్ చిన్నప్పుడు చదువుకున్న ఊరు అది. కొత్త నిబంధనను ఆయన జర్మన్‌లోకి తర్జుమా చేసిన కోట కూడా ఆ ఊరి పైనే ఉంది. బాఖ్‌కి పదేళ్లు నిండకముందే తల్లి, ఆ తర్వాత కొన్ని నెలలకే తండ్రి చనిపోయారు. వేరే ఊళ్లో చర్చి ఆర్గన్ వాయించే అన్నయ్య అతన్ని తీసుకెళ్లి పెంచాడు.

ఇరవై ఏళ్లప్పుడు ఆర్న్‌స్టాట్ అనే ఊళ్లో ఆర్గన్ వాయించే ఉద్యోగం చేస్తూ, ల్యూబెక్‌లో ఉన్న బుక్స్‌టెహూదె అనే పెద్దాయన వాయిద్యం వినాలని బయల్దేరాడు. దాదాపు 400 కిలోమీటర్లు, కాలినడకన! నాలుగు వారాలు సెలవు అడిగి నాలుగు నెలలకి తిరిగొచ్చాడు. సంఘ పెద్దలు గట్టిగానే చీవాట్లు పెట్టారు. మనకేమో ఫోన్‌లో ఒక్క టచ్‌తో పాట వచ్చేస్తుంది, అయినా చివరిదాకా వినే ఓపిక ఉండదు.

1720లో ఆయన యజమానితో పాటు కార్ల్స్‌బాడ్ వెళ్లి తిరిగొచ్చేసరికి, భార్య మరియా బార్బరా చనిపోయి ఉంది. సమాధి కూడా అయిపోయింది. చివరి చూపు కూడా దక్కలేదు. తర్వాతి ఏడాది అన్నా మగ్దలేనా అనే గాయనిని పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు భార్యల వల్ల మొత్తం ఇరవై మంది పిల్లలు. పెద్దవాళ్లయింది పదిమందే.

1723లో లైప్‌జిగ్ చర్చిల సంగీత బాధ్యత దొరికింది. అది కూడా, వాళ్లు ముందు అనుకున్న ఇద్దరు కుదరకపోతేనే. బడిలో పిల్లలకి పాఠాలు, క్వాయర్‌కి ట్రైనింగ్, మొదటి కొన్నేళ్లు దాదాపు ప్రతి ఆదివారానికీ ఒక కొత్త కంటాటా. కంటాటా అంటే ఆ రోజు చదివే వాక్యాన్ని ధ్యానించే పాటల వరుస అనుకోండి. అలాంటివి మనకి దాదాపు 200 మిగిలాయి. ఆ వాద్యాలకీ గొంతులకీ విడివిడి కాగితాలు ఎత్తి రాసే పనిలో భార్యాపిల్లలు కూడా కూర్చునేవాళ్లు. మన సంఘాల్లో క్వాయర్ నడిపేవాళ్లు ఒక సంగతి వింటే ఊరటపడతారు. క్వాయర్‌కి కనీసం 12 మంది కావాలి, 16 మంది ఉంటే మేలు, ఉన్నవాళ్లలో చాలామందికి పాట రాదు అని 1730లో బాఖ్ అధికారులకి ఉత్తరం రాసుకున్నాడు. అంతటివాడికీ అదే కష్టం!

1727 గుడ్ ఫ్రైడే నాడు లైప్‌జిగ్‌లో మత్తయి సువార్త శ్రమల గానం మొదటిసారి పాడించాడని పండితులు చెప్తారు. రెండు క్వాయర్లు, రెండు వాద్య బృందాలు. రెండున్నర గంటలకు పైనే ఉంటుంది, మధ్యలో ప్రసంగం. తర్వాత తన చేత్తో ఫెయిర్ కాపీ రాసుకున్నప్పుడు బైబిల్ మాటలన్నీ ఎర్ర సిరాతో రాశాడు.

నేను వీడియోలో చెప్పిన చోటు ఇందులోనే ఉంది. పస్కా భోజనం దగ్గర, మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్తాడు. శిష్యులు కంగారుపడి, అది నేను కాదు కదా అని అడుగుతారు. క్వాయర్ ఆ ప్రశ్నని పదకొండుసార్లు అడుగుతుంది. యూదా మాత్రం అప్పటికి అడగలేదు. ప్రభువు జవాబు చెప్పేలోపు బాఖ్ కథని ఆపేసి, లైప్‌జిగ్ విశ్వాసులకు బాగా తెలిసిన కీర్తన రాగం ఎత్తుకుంటాడు. ఆ చరణం ఒప్పుకుంటుంది: ఆ దోషిని నేనే, శిక్ష పడాల్సింది నాకే.

ఇది నేను మొదట విన్నది ఒక రాత్రి క్యాబ్‌లో. ఆ రోజు ఆఫీసులో రిలీజ్ చెడిపోయింది. ఈ మార్పు ఎవరిది అని కాల్‌లో అందరినీ అడిగారు. నాదే. నాకు తెలుసు. నేను నోరు మెదపలేదు. కొత్తగా చేరిన కుర్రాడి మీద అనుమానం పోయింది. ఇంటికెళ్తూ అర్థాలు చూసుకుంటూ వింటుంటే ఈ చోటు వచ్చింది. పాట ఆపేశాను. ఇంటికెళ్లాక కూడా నిద్ర పట్టలేదు. పొద్దున్నే మేనేజర్‌కి ఫోన్ చేసి ఒప్పుకున్నాను, ఆ తమ్ముడికి క్షమాపణ చెప్పాను. హెడ్‌ఫోన్స్‌లో వినే పాట ఆరాధన అవుతుందా అని నాకూ అనుమానం ఉండేది. ఆ రోజు నుంచీ అడగడం మానేశాను.

ఎలా వినాలంటారా? తెలుగు బైబిల్‌లో మత్తయి 26 తెరిచి పెట్టుకోండి. ఆ రెండు అధ్యాయాలనీ లూథర్ తర్జుమాలో ఉన్నట్టే పాడిస్తాడు కాబట్టి వచనం వెంట వచనం నడవొచ్చు. కథ చెప్పే సన్నని మగ గొంతు మత్తయిది, బరువైన గొంతు ప్రభువుది. ప్రభువు మాట్లాడినప్పుడల్లా వెనక వయొలిన్లు చుట్టూ వెలుగులా మోగుతాయి. సిలువ మీద, నన్నెందుకు విడిచావని ఆయన తండ్రికి మొరపెట్టేచోట మాత్రం అవి ఆగిపోతాయి. అది గమనించండి.

రికార్డింగుల్లో కార్ల్ రిక్టర్ 1958లో చేసినది పెద్ద క్వాయర్‌తో, నిదానంగా, గంభీరంగా ఉంటుంది. జపాన్‌కి చెందిన విశ్వాసి మసాకి సుజుకి చేసినది చిన్న బృందంతో ఉంటుంది, మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. ఆయన 1995 నుంచి 2013 దాకా కోబెలోని ఒక చాపెల్‌లో బాఖ్ ఆరాధన కంటాటాలన్నీ రికార్డ్ చేశాడు. నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ వీడియోలు ఉచితంగా చూడొచ్చు. మొదటిసారి మొత్తం పెట్టుకోకండి. ఆ భోజనం ఘట్టం చాలు.

బాఖ్ చివరి రోజుల్లో చూపు పోయింది. రెండుసార్లు కంటి ఆపరేషన్ చేశారు, ఫలించలేదు. 1750 జూలై 28న కన్నుమూశాడు. సమాధి మీద పేరు కూడా లేదు. మత్తయి గానాన్ని లోకం దాదాపు మరిచిపోయింది. 1829లో ఇరవై ఏళ్ల మెండెల్సన్ బెర్లిన్‌లో మళ్లీ పాడించాడు. ఆయన చివర్లో పూర్తిచేసిన బి మైనర్ మాస్ అనే మహా ఆరాధన గానాన్ని ఆయన బతికుండగా మొత్తంగా పాడినట్టు ఆధారం లేదు. ఆయన చెవులకి అందనిది ఈ రోజు మన ఫోన్‌లో ఉంది.

తన బైబిల్‌లో, దేవాలయ ప్రతిష్ఠలో గాయకులు స్తుతించగా మందిరం మేఘంతో నిండిన చోట (2 దినవృత్తాంతములు 5:13), భక్తితో చేసే సంగీతంలో దేవుడు తన కృపతో ఎప్పుడూ ఉంటాడన్న అర్థంలో బాఖ్ మార్జిన్‌లో రాసుకున్నాడు. చాలా రచనల చివర ఎస్.డి.జి. అని మూడక్షరాలు పెట్టేవాడు. మహిమ దేవునికి మాత్రమే అని దానర్థం.

ఈ గుడ్ ఫ్రైడే లోపు ఒక్కసారి విని, మీకేమనిపించిందో రాయండి. ప్రభువు మిమ్మల్ని, మీ సంఘ క్వాయర్‌ని దీవించును గాక. ఆమేన్.