జిడ్డు కృష్ణమూర్తి

జిడ్డు కృష్ణమూర్తి (1895 మే 11 - 1986 ఫిబ్రవరి 17) ఇరవయ్యవ శతాబ్దంలో ప్రపంచ ఖ్యాతి గాంచిన తెలుగు తాత్వికుడు, వక్త, విద్యావేత్త. దివ్యజ్ఞాన సమాజం తనకు కట్టబెట్టిన జగద్గురు పీఠాన్ని నిరాకరించిన వ్యక్తిగా ఆయన పేరు ఎక్కువగా వినబడుతుంది. తన జన్మస్థలమైన మదనపల్లెకు సమీపంలో ఆయన నెలకొల్పిన రిషివ్యాలీ విద్యాకేంద్రం కాలక్రమంలో పక్షులకు, వాటి ఆవాసాలకు రక్షణ కల్పించిన ప్రదేశంగా కూడా పేరు పొందింది.

బాల్యం

కృష్ణమూర్తి మదనపల్లెలో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. పుట్టిన తేదీని కొందరు జీవితచరిత్రకారులు మే 12గా పేర్కొన్నారు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరి, 2022లో జరిగిన పునర్విభజనలో మళ్ళీ విడిపోయింది. తండ్రి జిడ్డు నారాయణయ్య రెవెన్యూ శాఖలో ఉద్యోగి, తహసీల్దారు స్థాయి వరకు ఎదిగాడు. తల్లి సంజీవమ్మ. ఎనిమిదవ సంతానం కావడం వలన దేవకీనందనుని పేరు పెట్టారు.

బాల్యంలో కృష్ణమూర్తిని మలేరియా జ్వరం తరచు పీడించేది. చదువులో వెనుకబడి, బడిలో దెబ్బలు తినేవాడు. మందబుద్ధి అని ఉపాధ్యాయులు భావించారు. అయితే చీమలు, పురుగులు, మొక్కలు, మబ్బులు కనబడితే గంటల తరబడి కదలకుండా చూస్తూ ఉండిపోయేవాడని, ఇంట్లో గడియారాన్ని విప్పి మళ్ళీ బిగించేదాకా బడికి కదలలేదని జీవితచరిత్రకారులు వ్రాశారు. అంత శ్రద్ధగల పిల్లవాడిని మందబుద్ధి అనుకున్న చదువు ఎటువంటిదో ఊహించవచ్చు. తరువాతి జీవితంలో ఆయన బాల్యాన్ని దాదాపు మరచిపోయాడు, తెలుగు మాట్లాడడం కూడా మరచిపోయాడు. ఆయన ప్రసంగాలన్నీ ఆంగ్లంలోనే సాగాయి.

1905లో కడపలో తల్లి మరణించింది. నారాయణయ్య 1907 చివరలో ఉద్యోగ విరమణ చేసి, 1909 ఆరంభంలో పిల్లలతో మద్రాసు చేరి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో పనికి కుదిరాడు.

దివ్యజ్ఞాన సమాజం

1909లో అడయారు నది సముద్రంలో కలిసేచోట ఆడుకుంటున్న కృష్ణమూర్తిని సమాజ ప్రముఖుడు లెడ్‌బీటర్ చూసి, రాబోయే జగద్గురువుకు వాహనం కాగల బాలుడని ప్రకటించాడు. సమాజ అధ్యక్షురాలు అనీ బిసెంట్ కృష్ణమూర్తినీ తమ్ముడు నిత్యానందనూ చేరదీసింది. 1911లో 'ఆర్డర్ ఆఫ్ ద స్టార్ ఇన్ ది ఈస్ట్' అనే సంస్థను స్థాపించి కృష్ణమూర్తిని దానికి అధిపతిని చేశారు. అదే ఏడాది అన్నదమ్ములిద్దరినీ ఇంగ్లండు తీసుకువెళ్ళారు. పిల్లలను తిరిగి అప్పగించవలసిందిగా నారాయణయ్య వేసిన దావా లండనులోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్ళి, 1914లో బిసెంట్‌కు అనుకూలంగా ముగిసింది.

క్షయవ్యాధితో బాధపడుతున్న నిత్యానంద కొరకు 1922లో సోదరులు కాలిఫోర్నియాలోని ఓహాయి లోయకు చేరారు. 1925 నవంబరులో, కృష్ణమూర్తి భారతదేశానికి ఓడలో వస్తుండగా, నిత్యానంద ఓహాయిలో మరణించాడు. తమ్ముడు బ్రతుకుతాడని మహాత్ములు ఇచ్చినట్లు చెప్పబడిన హామీలపై ఆయనకున్న విశ్వాసం ఈ మరణంతో కూలిపోయిందని చెబుతారు.

1929 ఆగష్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో, అనీ బిసెంట్ సమక్షంలోనే, కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశాడు. సత్యాన్ని చేరడానికి సంస్థ గానీ, మతం గానీ, గురువు గానీ దారి చూపలేరని ప్రకటించాడు. సంస్థకు విరాళంగా వచ్చిన భూములను, ఆస్తులను దాతలకు తిరిగి ఇచ్చివేశాడు. ఆ తరువాత సుమారు 57 ఏళ్ళపాటు దేశదేశాలు తిరిగి ప్రసంగించాడు.

రిషివ్యాలీ

విశ్వవిద్యాలయం స్థాపించాలనే ఆలోచనతో 1920వ దశకం మధ్యలో కృష్ణమూర్తి తన పుట్టిన ఊరి పరిసరాలలో స్థలం వెదికాడు. మదనపల్లెకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలో, తెట్టు గ్రామ సమీపంలోని లోయలో ఒక పెద్ద మర్రిచెట్టు ఆయనను ఆకర్షించింది. లోయకు పడమటివైపున రిషికొండ ఉన్నది. అక్కడ దాదాపు 300 ఎకరాల భూమి సేకరించారు. స్థాపన సంవత్సరంగా 1926ను చెబుతారు గాని, మద్రాసులోని గిండీ బడి ఇక్కడికి తరలివచ్చి తరగతులు నడవడం 1930వ దశకపు ఆరంభంలో మొదలయింది. జి.వి.సుబ్బారావు తొలి ప్రధానాచార్యుడు. 1950వ దశకంలో గార్డన్ పియర్స్ ఆ బాధ్యత వహించాడు. 1947 తరువాత కృష్ణమూర్తి చలికాలంలో భారతదేశానికి వచ్చినప్పుడు తరచు ఇక్కడ బస చేసి ఉపాధ్యాయులతో, విద్యార్థులతో ముచ్చటించేవాడు.

పోటీ, పోలిక, భయం లేని చదువు ఆయన కోరినది. పాఠం వినడం ఎంత ముఖ్యమో ఒక చెట్టును, ఒక పిట్టను నిదానంగా చూడడం కూడా అంతే ముఖ్యమని ఆయన ఉపాధ్యాయులకు చెప్పేవాడు. సాయంకాలం పిల్లలందరూ పడమటి కొండల వైపు తిరిగి, సూర్యుడు అస్తమించేవరకు మౌనంగా కూర్చునే 'అస్తాచల్' అనే అలవాటు ఈ బడిలో వచ్చింది.

ప్రకృతిపై దృష్టి

కృష్ణమూర్తి దినచర్య పుస్తకాలలో తాత్విక చర్చకు ముందు దాదాపు ఎప్పుడూ ఒక ప్రకృతి వర్ణన ఉంటుంది. 1961లో వ్రాసిన నోట్‌బుక్ (1976లో అచ్చయింది) లో రిషివ్యాలీలో గడిపిన రోజులు కూడా ఉన్నాయి. కొండల మీది వెలుగు, చిలుకల గుంపులు, ఎద్దులబండ్ల దారులు అందులో కనబడతాయి. ప్రకృతితో సంబంధం తెగిపోయిన మనిషికి తోటి మనిషితో కూడా సంబంధం ఉండదని ఆయన భావన. పర్యావరణం గురించి ఆయన చెప్పినవి, వ్రాసినవి ఏర్చికూర్చి 1991లో ఒక ప్రత్యేక సంపుటంగా వెలువరించారు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పిట్టను చూసి దాని పేరు చెప్పగానే చూడడం ఆగిపోతుందని, పేరు కంటికీ పిట్టకూ మధ్య తెరగా నిలుస్తుందని కృష్ణమూర్తి బోధించాడు. పక్షుల సంరక్షణ మాత్రం పేర్లతోనే మొదలవుతుంది. ఏ జాతి పక్షి, ఎన్ని, ఏ నెలలో, ఏ పొదలో అన్నది వ్రాసి పెట్టకపోతే ఏది తగ్గిపోతున్నదో తెలియదు. రిషివ్యాలీ ఉపాధ్యాయులు ఈ రెండింటినీ కలిపి నడిపారు. కృష్ణమూర్తి స్వయంగా పక్షి శాస్త్రవేత్త కాడు, సంరక్షణ ఉద్యమమేదీ నడపలేదు. ఆ పని ఘనత ఆయనకంటె ఉపాధ్యాయులకు, పరిసర గ్రామాల వారికి చెందవలసినది.

పక్షుల రక్షిత ప్రాంతం

మదనపల్లె ప్రాంతం వర్షాభావానికి తరచు గురయ్యే రాయలసీమలోనిది. మేకలు, గొర్రెల మేత వలన, వంటచెరకు నరకడం వలన లోయ చుట్టూ ఉన్న కొండలు బోడిగా మారాయి. చెట్టు లేని కొండ మీద వాన నీరు నిలవదు, మట్టి కొట్టుకుపోతుంది, దిగువన బావులు ఎండిపోతాయి. బడివారు దశాబ్దాల పాటు మొక్కలు నాటారు. వాలులకు అడ్డంగా కట్టలు, చెక్‌డ్యాములు, ఊటకుంటలు ఏర్పాటు చేశారు. కొండవాలులలో మేతను ఆపిన చోట నాటిన మొక్కలే కాక, వేళ్ళతో మిగిలి ఉన్న పాత పొదలు కూడా తిరిగి చిగిర్చాయి. రేగు, బలుసు, కలివి వంటి పొదలు పండ్లిచ్చే పిట్టల మేత. కుంటలు నిండిన ఏడు నీటిపక్షులు కూడా చేరతాయి.

1991లో ఈ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ఇది తిరుపతి దగ్గరి శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం వంటి అటవీశాఖ అభయారణ్యం కాదు, ఒక విద్యాసంస్థ చొరవతో నిలిచినది. రిషివ్యాలీ ఉపాధ్యాయుడు ఎస్.రంగస్వామి, బెంగుళూరుకు చెందిన పక్షి పరిశీలకుడు ఎస్.శ్రీధర్ కలిసి ఇక్కడి పక్షుల గురించి, వాటి ఆవాసాల పునరుద్ధరణ గురించి వ్రాసిన ఆంగ్ల పుస్తకం 1993లో వెలువడింది. ఆ దశకంలోనే పక్షి అధ్యయన సంస్థ ఒకటి ఇక్కడ ఏర్పడి, దేశంలో ఎక్కడివారైనా ఇంటివద్దనే ఉండి పక్షిశాస్త్రం నేర్చుకునేలా పాఠాలు రూపొందించింది. కళాశాల పట్టా అక్కరలేకుండా పక్షులను క్రమపద్ధతిలో పరిశీలించడం నేర్పే ఇటువంటి ఏర్పాటు అప్పటికి దేశంలో అరుదు.

ఇక్కడి పక్షులలో ముఖ్యమైనది పసుపు గొంతు పికిలి. ఇది దక్షిణ భారతదేశపు రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన జెర్డాన్ 1840వ దశకంలో దీనిని మొదట శాస్త్రీయంగా వర్ణించాడు. హార్స్‌లీ కొండలలోను, శేషాచలం కొండలలోను కూడా ఈ పిట్ట ఉంటుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సమితి దీనిని ముప్పునకు గురికాగల జాతిగా గుర్తించింది. పెద్ద గుండ్ల మధ్య పెరిగే ముళ్ళపొదలే దీని నివాసం. రాతి క్వారీలు, కొండమంటలు, పొదలు నరకడం దీనికి హాని. పచ్చని అడవిని కాపాడాలంటే ఎవరైనా ఒప్పుకుంటారు గాని, పనికిరాని బండలు, ముళ్ళకంపలు అనుకునే చోటును కాపాడమంటే ఒప్పించడం కష్టం.

పల్లెలు, బడులు

మేకలను కొండ ఎక్కనివ్వకపోతే అవి మేసేందుకు మరొక చోటు కావాలి. కట్టెలు ఏరుకునే వారికి మరొక దారి కావాలి. పూరేడు, కౌజు పిట్టలను ఉచ్చులు వేసి పట్టడం రాయలసీమ పల్లెలలో పాత అలవాటు. కనుక పక్షులకు రక్షణ కంచెతో కుదిరేది కాదు. ఈ విషయంలో ఎక్కువ ఉపకరించినవి చుట్టుపక్కల పల్లెలలో రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం నడిపిన చిన్న బడులు. ఒకే ఉపాధ్యాయుడు వేర్వేరు తరగతుల పిల్లలకు కార్డుల సహాయంతో నేర్పే పద్ధతిని 1980వ దశకం నుంచి పద్మనాభరావు, రమ దంపతులు ఇక్కడ రూపొందించారు. తరువాత అది ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది. బడి ఆవరణలో చెట్లు పెంచడం, ఊరి మొక్కలను పాఠంలోకి తీసుకురావడం ఈ బడులలో చదువులో భాగం. వసతి బడిలో చదివేది ఎక్కువగా ఖర్చు భరించగల కుటుంబాల పిల్లలేనన్న విమర్శ రిషివ్యాలీపై ఉన్నది. పల్లె బడులు దానికి పాక్షికమైన సమాధానం మాత్రమే.

ఇతర విశేషాలు

కాశీలోని రాజ్‌ఘాట్, ఇంగ్లండులోని బ్రాక్‌వుడ్ పార్క్ (1969), మద్రాసు, ఓహాయి, బెంగుళూరులలోని పాఠశాలలు కూడా కృష్ణమూర్తి స్ఫూర్తితో వెలసినవి. విద్య గురించిన ఆయన గ్రంథం 1953లో వెలువడింది. మేరీ లుటియన్స్, పుపుల్ జయకర్ వ్రాసిన జీవితచరిత్రలు ప్రసిద్ధమైనవి. పూర్వ సహచరుడు రాజగోపాల్‌తో ప్రచురణ హక్కులు, ఆస్తుల విషయమై న్యాయస్థానాలలో వివాదం నడిచింది. రాజగోపాల్ భార్య రోజలిండ్‌తో కృష్ణమూర్తికి దీర్ఘకాలం రహస్య సంబంధం ఉండేదని వారి కుమార్తె రాధ 1991లో ప్రచురించిన పుస్తకంలో వ్రాసింది.

చివరి రోజులు

1985 చివరలో కృష్ణమూర్తి ఆఖరిసారి రిషివ్యాలీకి వచ్చాడు. అప్పటికే బాగా చిక్కిపోయాడు. వివిధ దేశాలలోని తన పాఠశాలల ఉపాధ్యాయులు డిసెంబరులో అక్కడ సమావేశమయ్యారు. ఆ రోజులలో తలపై కుచ్చు, పొడవైన ముక్కు గల కూకుడు గువ్వ ఒకటి ఆయన గది కిటికీ అద్దాన్ని తరచు పొడిచేదని, ఆయన దానితో మాట్లాడుతూ ఉండేవాడని రాధికా హెర్జ్‌బర్గర్ జ్ఞాపకాలను బట్టి తెలుస్తున్నది. తాను వెళ్ళిపోయాక ఆ కిటికీలు మూసివేస్తారని కూడా ఆయన ఆ పిట్టకు చెప్పాడట.

1986 జనవరి 4న మద్రాసులోని వసంత విహార్‌లో చివరి ప్రసంగం చేసి, కొద్ది రోజులకు ఓహాయి వెళ్ళిపోయాడు. క్లోమ క్యాన్సరుతో ఫిబ్రవరి 17న అక్కడే, 90 ఏళ్ళ వయసులో, మరణించాడు. తన తరువాత తన బోధనలకు వారసులు గానీ ప్రతినిధులు గానీ ఉండరని ముందే స్పష్టం చేశాడు.