ఉరుషి శిల్పి షిబాటా జెషిన్

జపాను వారు తేనీటి వేడుకలో తేయాకు పొడి ఉంచే చిన్న కొయ్యభరిణెను ‘నట్సుమె’ అంటారు. రేగుజాతి పండును పోలి ఉండటం చేత ఆ పేరు వచ్చింది. దాని నిగారింపు ఉరుషి అనే చెట్టు పాల పూత వల్ల కలుగుతుంది. మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే లక్క కీటకజన్యం, ఇది వేరు. ఈ పూత ఎండలో గాక తేమగాలిలో గట్టిపడటం విశేషం.

ఈ కళలో అగ్రగణ్యుడైన షిబాటా జెషిన్ 1807లో ఎడో నగరంలో, అనగా నేటి టోక్యోలో, జన్మించాడు. 11వ ఏట కోమా కన్సాయ్ అనే గురువును ఆశ్రయించాడు. ఒకరు గీసిన చిత్రాన్ని మరొకరు పూతలో దించే ఆ రోజులలో, తన చిత్రాన్ని తానే రచించుకోవడానికి చిత్రలేఖనాన్నీ అభ్యసించాడు.

తడిపూతపై బంగారు పొడి చల్లి చిత్రాలను తీర్చడం ఈ కళకు ప్రాణం. అయితే 1841-43 నాటి సంస్కరణలలో ప్రభుత్వం ఆడంబరాలను అరికట్టి, బంగారు వెండి వాడకంపై ఆంక్షలు విధించింది. జెషిన్ వెనుదీయలేదు. పూతతోనే తుప్పుపట్టిన ఇనుమును, పాతబడిన కంచును తలపింపజేశాడు. చేతికి తీసుకుంటే గాని అది తేలికైన కొయ్య అని తెలియదు! మరుగునపడిన అలల అల్లికను, పూత తడి ఆరకముందే దువ్వెనతో గీసి, పునరుద్ధరించాడు. బంగారం కరువైన వేళనే ఆయన ప్రతిభ వెలికివచ్చిందనడం అతిశయోక్తి కాదు.

1868లో పాత పాలన అంతరించి, పోషకులైన సమురాయ్ కుటుంబాలు చితికిపోయాయి. జెషిన్ మాత్రం పని మానలేదు. 1873లో వియన్నా ప్రదర్శనలో ఆయన రచన బహుమతి పొందింది. 1890లో చక్రవర్తి ఆస్థాన కళాకారునిగా నియమితుడై, మరుసటి ఏడే కన్నుమూశాడు.