పసుపుపచ్చ శాలువా: కవి మఖ్దూం జీవితం

మఖ్దూం మొహియుద్దీన్ పేరు వినగానే మన మనస్సులలో విప్లవకవి మూర్తి సాక్షాత్కరిస్తుంది. ఆ మహాకవి తొలుత ప్రజల పెదవులపై నిలిచినది ఒక హాస్యగీతంతోనని తెలిసినవారు అరుదు. దాని పేరు ‘పీలా దుశాలా’, అనగా పసుపుపచ్చ శాలువా.

ఆయన 1908 ఫిబ్రవరి 4న నాటి మెదక్ జిల్లా అందోలులో జన్మించారు. మన పాన్‌గల్ వలెనే అందోలు కూడ అప్పుడు నిజాం రాజ్యంలోనిదే. పసితనంలోనే తండ్రిని కోల్పోయిన బాలుని తండ్రి సోదరులైన బషీరుద్దీన్ పెంచి పెద్దచేశారు. రష్యాలో ఇప్పుడు అందరూ ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చొని భుజిస్తారని ఆయన చెప్పిన మాట ఆ బాలుని హృదయంలో చెరగని ముద్ర వేసింది.

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరిననాటికి మఖ్దూంకు లేమి కొత్త కాదు. అయినను హాస్యప్రియత్వం ఆయనను వీడలేదు. 1933లో వసతిగృహంలో తోటి విద్యార్థి కప్పుకొను పసుపు శాలువాను గూర్చి సరదాగా ఒక గీతం అల్లారు. మిత్రులను నవ్వించుటకు పుట్టిన ఆ పాట వసతిగృహపు గోడలు దాటి హైదరాబాదు నగరమంతట మారుమ్రోగింది. జనులు తమంత తాము పాడుకొను పాట ఎట్లుండవలెనో ఆ యువకునికి అనుభవంలోనికి వచ్చినది అప్పుడేనని మేము భావిస్తున్నాము.

మరుసటి సంవత్సరమే బెర్నార్డ్ షా నాటకం ఆధారంగా ‘హోష్ కే నాఖూన్’ రచనలో పాలుపంచుకొన్నారు. అనంతరం సిటీ కళాశాలలో అధ్యాపకులై, 1941లో ఆ ఉద్యోగమును వదలి కార్మికోద్యమంలో లీనమయ్యారు. 1944లో ‘సుర్ఖ్ సవేరా’ వెలువడింది. తెలంగాణ సాయుధ పోరాటకాలంలో అజ్ఞాతవాసమును, కారాగారవాసమును అనుభవించారు. 1952లో హుజూర్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికైనారు. పిదప శాసనమండలిలోనూ ప్రజల పక్షమున నిలిచారు.

ఇన్ని కష్టముల నడుమ ఆయన కవిత్వంలో గానయోగ్యత తరుగలేదు. మల్లెపందిరి నీడన ప్రేమికులను చిత్రించిన ఆయన గీతం 1964లో ‘చా చా చా’ చలనచిత్రంలో చేరి ఉర్దూ చదువనేరని వారిని సైతం అలరించింది. ‘బిసాతె రక్స్’ సంపుటికి 1969 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ ఏడాదే ఆగస్టు 25న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. ఆయన భౌతికకాయము హైదరాబాదు నేలలోనే విశ్రమించినది.

సాహిత్యసభలలో మన విద్యార్థులు గంభీర కవితలకే మొగ్గుచూపుచుండుట, హాస్యమును చిన్నచూపు చూచుట మేము గమనిస్తున్నాము. లేమిలో సహచరులను నవ్వించగలిగినవాడే తరువాత వారి కొరకు చెరసాలకు వెళ్ళినాడు. సాటివారిపై ప్రేమయే ఈ రెండింటికిని మూలము. కనుక విద్యార్థులారా, మఖ్దూంను ఉర్దూలో చదువగలవారు చదివి, తెలుగు మాత్రమే తెలిసిన మిత్రులకు వినిపించండి. ఆ పఠనము విప్లవగీతములతోనే ముగియక, పసుపుపచ్చ శాలువాకును అందు చోటు దక్కవలెనని మా కోరిక.