కట్టెలు కొట్టిన కైజర్

హాలండు దేశంలో డోర్న్ అనే చిన్న ఊళ్ళో ఒక ముసలాయన ఇరవై ఏళ్ళపాటు చెట్లు నరికించి, కట్టెలు కొడుతూ కాలక్షేపం చేశాడు. కాన్పులో కలిగిన దెబ్బకు ఆయన ఎడమచెయ్యి చిన్నప్పటినుంచే చచ్చుబడింది. అయినా కుడిచేత్తోనే కానిచ్చేవాడు. ఆయనే జర్మనీ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్. మన పాఠ్యపుస్తకాల్లోని కైజర్.

1859 జనవరి 27న బెర్లిన్‌లో పుట్టాడు. తల్లి ఇంగ్లండు విక్టోరియా రాణి పెద్దకూతురు. అంటే ఆనాడు మనల్ని ఏలుతున్న రాణికి స్వయానా మనవడన్నమాట. 1888లో తండ్రి 99 రోజులే రాజ్యం చేసి చనిపోతే, 29 ఏళ్ళకే గద్దె ఎక్కాడు. రెండేళ్ళు తిరక్కుండానే బిస్మార్క్ అంతటి ప్రధానిని ఇంటికి పంపాడు. యూనిఫారాలంటే పిచ్చి, యుద్ధనౌకలంటే మరీ పిచ్చి. ఇదంతా ఎవరికైనా ఉండే సరదా అనుకోవచ్చు గాని, ఆ దేశ రాజ్యాంగం ప్రకారం యుద్ధం ప్రకటించే అధికారం చక్రవర్తిది. ప్రధానిని వేసేదీ తీసేదీ కూడా ఆయనే. చిక్కంతా అక్కడుంది.

1914 జూన్ 28న సరాజీవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. జూలై 5, ఆదివారం, ఆస్ట్రియా రాయబారి పోట్స్‌డామ్ భవనంలో కైజర్‌తో భోజనానికి కూర్చున్నాడు. మొదట కైజర్ ప్రధానిని అడిగి చెబుతానన్నాడు. భోజనం కాగానే మాట మార్చి, సెర్బియా మీద మీరేం చేసినా, రష్యా అడ్డొచ్చినా మా అండ ఉందని చెప్పేశాడు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం పెట్టడమంటే ఇదే. మర్నాడు నార్వే వైపు ఓడ షికారుకు వెళ్ళిపోయాడు!

తిరిగొచ్చి జూలై 28 ఉదయం సెర్బియా ఇచ్చిన జవాబు చదివాడు. ఇక యుద్ధానికి కారణమే లేదనిపించింది, అలాగే రాశాడు కూడా. ఆ రోజే ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది.

ఆయన మనసులో మహాయుద్ధం లేదని కొందరు వెనకేసుకొస్తారు. నేనొకసారి రాత్రి నీటివంతుకు వెళ్ళి, మడవ తీసి గట్టుమీద నిద్రపోయాను. తెల్లారేసరికి పక్కచేనువాళ్ళ నారుమడి మునిగింది. ముంచాలని నాకు మాత్రం ఉందా? అయినా మా నాన్న మా నారు పీకించి, ఆ మోపులు నాచేతే మోయించి వాళ్ళకిప్పించాడు.

ఆగస్టు 1 సాయంత్రం సైన్యసమీకరణ ఉత్తర్వు మీద సంతకం చేశాడు. కాసేపటికే లండన్ నుంచి తంతి: ఫ్రాన్సు జోలికి పోకపోతే ఇంగ్లండు ఊరుకోవచ్చని. కైజర్‌కు ప్రాణం లేచొచ్చింది. సైన్యాన్నంతా రష్యావైపు తిప్పమన్నాడు. సేనాని మోల్ట్కే నీరుగారిపోయాడు. ఏడాదంతా కూర్చుని వేసిన రైళ్ళ టైంటేబులు ఒక్క రాత్రిలో మారదన్నాడు. రాత్రి పదకొండింటికి ఇంకో తంతి వచ్చింది, మొదటిది పొరపాటని. కైజర్ ఇక నీ ఇష్టమన్నాడు. అంత అధికారమున్న మనిషి అడ్డుపడ్డది ఆ కొద్ది గంటలే.

తప్పంతా ఈయనొక్కడిదే అనను. ఆస్ట్రియా దూకుడుంది, రష్యా తొందరుంది. కాని ఆ ఆదివారం ఈయన కాదని ఉంటే ఆస్ట్రియా ఒంటరిగా కదిలేది కాదని నా నమ్మకం.

జర్మన్ సైనికులే 20 లక్షలమంది పోయారు. సంబంధమే లేని మన దేశం నుంచి సుమారు 13 లక్షలమంది వెళితే 74 వేలమంది తిరిగి రాలేదు. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మన్ నౌక మద్రాసు మీద గుళ్ళు కురిపించి నూనె ట్యాంకులు తగలబెట్టింది. అప్పుడు మన కోస్తా, సీమ జిల్లాలకు రాజధాని అదే.

1916 నుంచి పెత్తనమంతా సేనానులదే, కైజర్ ఉత్సవ విగ్రహం. 1918 నవంబరు 9న గద్దె దిగాడని ఆయన్ని అడక్కుండానే ప్రధాని ప్రకటించేశాడు. మర్నాడు సరిహద్దు దాటి హాలండు చేరాడు. ఆయన్ని విచారించాలని వెర్సేల్స్ సంధిలో 227వ అధికరణం రాసుకున్నారు. 1920లో హాలండు అప్పగించనంది. విచారణ జరగనే లేదు.

1941 జూన్ 4న డోర్న్‌లోనే కన్నుమూశాడు. అప్పటికి ఆ ఊరు హిట్లర్ సైన్యం చేతిలో ఉంది.