ఒక ప్రశ్నతో అమెరికా వచ్చిన బెనెగల్ నరసింగరావు గారు

ఇక్కడి లా స్కూళ్లకు విజిటింగ్ స్కాలర్‌గా రావాలనుకునే మిత్రులు దరఖాస్తులో ఏం రాయాలని అడిగితే, నేను బెనెగల్ నరసింగరావు గారి సంగతి చెబుతాను.

1887లో మంగళూరులో పుట్టి, మద్రాసు, కేంబ్రిడ్జిలలో చదివి, ఐసీఎస్‌లో చేరిన ఆయన 1946లో రాజ్యాంగ సభకు సలహాదారు అయ్యారు. 1947 చివర్లో అమెరికా వచ్చారు. పౌరుడి స్వేచ్ఛకు రక్షణగా డ్యూ ప్రాసెస్ అన్న మాట మన రాజ్యాంగంలో ఉండాలా, వద్దా అన్నది ఆయన వెంట తెచ్చుకున్న ప్రశ్నల్లో ముఖ్యమైనది. ఒకప్పుడు హార్వర్డ్ లా స్కూల్లో పాఠాలు చెప్పిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ని కలిశారు. శాసనాలను కొట్టేసే అంత అధికారం జడ్జీలకివ్వడం ప్రజాస్వామ్యానికి తగదని, కోర్టులకూ భారమని ఆయన చెప్పారు. రావు గారు ఆ సలహా ఢిల్లీకి తీసుకెళ్లారు. డ్రాఫ్టింగ్ కమిటీలో మన నెల్లూరు జిల్లావారైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ గారూ అటే మొగ్గారు. 21వ అధికరణంలో ఆ మాట పోయి, చట్టం నిర్దేశించిన పద్ధతి అన్నది చేరింది.

1950లో గోపాలన్ కేసులో, నిర్బంధించిన పద్ధతి న్యాయమైనదా అన్న విచారణలోకి కోర్టు వెళ్లలేదు. పద్ధతి న్యాయంగా ఉండి తీరాలని 1978లో మేనకా గాంధీ కేసులో తేలింది. రావు గారు అది చూడలేదు. అంతర్జాతీయ న్యాయస్థానంలో జడ్జిగా ఉండగానే 1953లో కన్నుమూశారు.

అందుకే, మీ ప్రశ్న ఏమిటో సూటిగా రాయండి. ఇక్కడ దొరికే జవాబు మన దేశంలో ఎవరి మీద ఎలా పనిచేస్తుందో కూడా రాయండి.