కీలు లోపలికి తొంగిచూసిన వైద్యుడు: కెంజి తకాగి

కుంటుతున్న ల్యాబ్రడార్ కుక్క మోచేతి కీలులోకి నేటి వెటర్నరీ సర్జన్లు పంపే కెమెరా గొట్టం మందం 2 మిల్లీమీటర్ల చిల్లర. కీలు మొత్తం కోసి తెరవకుండానే, రెండు మూడు చిన్న రంధ్రాల గుండా విరిగిన ఎముక ముక్కను బయటికి తీసేస్తారు. ఈ ఆర్థ్రోస్కోపీ కుక్కల కోసం పుట్టింది కాదు. ఆ మాటకొస్తే ఆపరేషన్ల కోసం పుట్టిందీ కాదు. టోక్యోలో ఒక ఎముకల వైద్యుడు క్షయ సోకిన మోకాలి లోపల ఏం జరుగుతోందో చూడాలనుకున్నారు, అంతే.

కెంజి తకాగి 1888లో పుట్టారు. ఆయన వైద్యం మొదలుపెట్టిన నాటికి జపాన్‌ను క్షయ పీడిస్తోంది. అది మోకాలికి సోకితే చివరికి కీలు బిగుసుకుపోయేది. నేలమీద మోకాళ్లు మడిచి కూర్చునే సమాజంలో మోకాలు వంగకపోవడమంటే భోజనానికీ, అతిథి మర్యాదకూ దూరమైనట్టే. బాసింపట్టు వేసుకుని తినే అలవాటున్న తెలుగువారికి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. ఎక్స్‌రేలో జబ్బు బయటపడేసరికి ఎముక దెబ్బతిని ఉండేది. అంతకంటే ముందే పసిగట్టాలి.

1918లో తకాగి, మూత్రాశయాన్ని చూసే సిస్టోస్కోప్‌ను ఒక శవం మోకాలిలోకి పంపి చూశారు. 1920లో కీళ్లకోసమే ఒక గొట్టం తయారు చేయించారు. దాని మందం 7.3 మిల్లీమీటర్లు. మనిషి మోకాలికే అది మోటు. 1931 నాటికి దాన్ని 3.5 మిల్లీమీటర్లకు తగ్గించి, కీలులోకి ఉప్పునీరు ఎక్కించి ఉబ్బించి, లోపల చూడటానికి చోటు చేశారు. నేటికీ మనిషికైనా, కుక్కకైనా ఆర్థ్రోస్కోపీలో కీలును ద్రవంతో ఉబ్బించాల్సిందే.

అందరికంటే ముందు చూసింది ఆయనే అనడానికి లేదు. డెన్మార్క్‌కు చెందిన నోర్డెన్‌టాఫ్ట్ 1912లోనే బెర్లిన్‌లో ఈ విషయం ప్రస్తావించారు. స్విట్జర్లాండ్‌లో బిర్షర్ 1921లో తన అనుభవాలు ప్రచురించి, కొన్నేళ్లకు ఆ దారి వదిలేశారు. తకాగి మాత్రం వదల్లేదు. ఒకదాని తర్వాత ఒకటిగా 12 నమూనాలు చేశారు.

నిజానికి జపాన్‌లో ఆయన పేరు ఎక్కువగా వినిపించేది మరో పనికి. 1922లో జర్మనీ వెళ్లి, తిరిగొచ్చి 1924లో టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయిన ఆయన, అవయవ లోపమున్న పిల్లలను ఇళ్లలో దాచిపెట్టడం చూసి కలత చెందారు. వారిని కించపరిచే పాత మాట బదులు కొత్త మాట వాడుకలోకి తెచ్చారు. వైద్యాన్నీ, పెంపకాన్నీ కలిపి ‘ర్యోయికు’ అన్నారు. వికలాంగులా, దివ్యాంగులా అన్న చర్చ ఇక్కడా నడిచింది. తకాగి పేరు మార్చి ఊరుకోలేదు. 1942లో చికిత్స, చదువు ఒకేచోట దొరికే కేంద్రాన్ని నెలకొల్పారు. 1945 వైమానిక దాడుల్లో అందులో చాలా భాగం కాలిపోతే, యుద్ధం తర్వాత మళ్లీ నిలబెట్టారు.

యుద్ధంలో ఆగిన గొట్టం పనిని శిష్యుడు మసాకి వతనబే 13వ నమూనా నుంచి అందుకున్నారు. 1950ల చివర్లో వచ్చిన 21వ నమూనా పేరు తెచ్చింది. దాని కొసన ఉన్న చిన్న బల్బు అప్పుడప్పుడూ మోకాలిలోనే పగిలేది, అది వేరే తలనొప్పి. 1962 మే 4న వతనబే, బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు మెలికపడిన 17 ఏళ్ల కుర్రాడికి చిరిగిన మెనిస్కస్ భాగాన్ని ఈ దారిలోనే తీసేశారు. ఆరు వారాలకు ఆ కుర్రాడు మళ్లీ ఆటకు దిగాడు. చూడటానికి చేసిన సాధనం చికిత్స సాధనమైంది. తకాగి 1963లో కన్నుమూశారు.

మరుసటి ఏడాది టోక్యో వచ్చిన కెనడా సర్జన్ రాబర్ట్ జాక్సన్ వతనబే దగ్గర ఈ విద్య నేర్చుకుని ఉత్తర అమెరికాకు తీసుకెళ్లారు. 1978 నాటికి కుక్కల ఆర్థ్రోస్కోపీపై పశువైద్య పత్రికల్లో వ్యాసం వచ్చింది. కుక్క ఎక్కడ నొప్పో చెప్పలేదు, ఎక్స్‌రేలో మృదులాస్థి కనిపించదు. అందుకే జర్మన్ షెపర్డ్, ల్యాబ్రడార్ వంటి జాతుల్లో వచ్చే మోచేతి జబ్బుకు నేరుగా లోపలికి చూడటం ఉపయోగపడింది. ఊడిన ముక్క తీస్తే కుంటు తగ్గవచ్చు. అప్పటికే అరిగిపోయిన మృదులాస్థి మాత్రం తిరిగి రాదు.